చెరిపేసిన గొంతులకు లెక్కెవరు చెప్పాలి?

ఒక వస్తువు పోయిందని చెప్పాలంటే, అది ఒకప్పుడు ఉండేదన్న ఆధారమైనా మిగిలి ఉండాలి. తెలుగు రేడియో, టెలివిజన్ ప్రసారాల విషయంలో మనకు ఆ ఆధారం కూడా చేతిలో లేదు. ఏయే నాటకాలు, ఏయే సంభాషణలు, ఏయే కథాగానాలు గాలిలో కలిసిపోయాయో చెప్పే పట్టికను ఎవరూ మన ముందు పెట్టలేదు. పట్టిక లేదు కనుక పోయిందన్న స్పృహ లేదు. స్పృహ లేదు కనుక వెతకాలన్న తపన లేదు. ప్రసారాలను చెరిపివేయడం కన్నా, చెరిపినదానికి లెక్క రాయకపోవడమే పెద్ద అపరాధమని నా అభియోగం. ఈ టపాలో నేను నిరూపించదలచుకున్నది అదే.

ముందుగా ఇంగ్లండు సంగతి చెప్పాలి. బీబీసీ వారు 1963 నవంబరు 23న ‘డాక్టర్ హూ’ అనే ధారావాహికను ప్రారంభించారు. పిల్లలకూ పెద్దలకూ ఉద్దేశించిన వైజ్ఞానిక కల్పన అది. 1960లలో దానివి 253 భాగాలు ప్రసారమయ్యాయి. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన సరుకు. పైగా, ఒకసారి ప్రసారమైన కార్యక్రమాన్ని మళ్ళీ ఎవరు చూస్తారన్న ధీమా. అందుచేత టేపులు చెరిపి వాటి మీదే కొత్త కార్యక్రమాలు ముద్రించుకున్నారు. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతులను కూడా గడువు తీరాక పారవేశారు. 1970ల చివర ఈ ధ్వంసం ఆగేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ 253లో 90కి పైగా భాగాల దృశ్యం బీబీసీ చేతికి తిరిగి రాలేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. పోయినవి ఏవో, ఏ తేదీన ప్రసారమైనవో, ఏయే దేశాలకు ప్రతులు వెళ్ళాయో అభిమానులు లెక్క తీశారు. ఆ లెక్క పట్టుకుని ప్రపంచమంతా వెతికారు. 1991లో హాంకాంగ్ నుంచి నాలుగు భాగాల కథ ఒకటి పూర్తిగా దొరికింది. నైజీరియాలోని ఒక టెలివిజన్ కేంద్రంలో దుమ్ము పట్టిన డబ్బాలలో తొమ్మిది భాగాలు దొరికినట్టు 2013లో ప్రకటించారు. ‘డాడ్స్ ఆర్మీ’ అనే హాస్య ధారావాహికలో పోయిన అయిదు భాగాలలో రెండు 2001లో తిరిగి వచ్చాయి. ఎవరో చెత్తలోకి పోబోతున్న ఫిల్ము డబ్బాలను కాపాడి ఇంట్లో ఉంచుకోబట్టి అవి దక్కాయి. అన్నిటికన్నా ఆశ్చర్యకరమైనది శబ్దం సంగతి. ‘డాక్టర్ హూ’లో దృశ్యం పోయిన భాగాలన్నిటికీ శబ్దం మాత్రం మిగిలింది. ఇంగ్లండులో కొందరు పిల్లలు ప్రసారమయ్యే వేళకు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని ఆ మాటలు పట్టుకున్నారు. సంస్థ చెరిపింది, బడిపిల్లలు దాచారు. ఇవాళ ఆ సంస్థే ఆ పిల్లల టేపులకు బొమ్మలు గీయించి విడుదల చేస్తున్నది.

ఇంగ్లండును పొగడడం నా ఉద్దేశం కాదు. చెరిపివేతలో వారు మనకంటే తక్కువవారేమీ కారు. చంద్రుని మీద మనిషి నడిచిన తొలి ఘడియలను నేరుగా నమోదు చేసిన అసలు టేపులు సైతం చెరిపి తిరిగి వాడుకున్నవాటిలో కలిసిపోయి ఉంటాయని అమెరికావారి నాసా 2009లో తేల్చింది. టేపు ఖరీదు, స్థలాభావం, నిర్లక్ష్యం అన్ని దేశాల సొత్తూ. తేడా తరువాత చేసిన పనిలో ఉంది. వారి దగ్గర ‘ఇవి లేవు’ అని చెప్పే కాగితం ఉంది. మన దగ్గర లేదు.

ఇక మన ఇంటికి వద్దాం. నిజాం కాలంలో దక్కన్ రేడియోగా మొదలైన హైదరాబాదు కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. తెలుగు టెలివిజన్ వయస్సును 1977లో ప్రారంభమైన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం నుంచి లెక్కించడం మనకు అలవాటు. నిజానికి అంతకు రెండేళ్ళ ముందే, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలు చేసిన ‘సైట్’ ప్రయోగంలో తెలుగు ఒక భాష. తెలంగాణ పల్లెలు కొన్ని పట్టణాలకంటే ముందు టీవీ చూశాయి. ఆ ఏడాది పొడుగునా ఆ పల్లెలవారు తమ భాషలో ఏమి చూశారో, అందులో ఎంత మిగిలిందో చెప్పే పట్టికను ఏ సంస్థ ప్రజల ముందు పెట్టింది?

ఆకాశవాణిలోనూ దూరదర్శన్‌లోనూ చాలా కార్యక్రమాలు ఏ ముద్రణా లేకుండా నేరుగా ప్రసారమయ్యేవి. ముద్రించినవాటి టేపులు చెరిపి మళ్ళీ మళ్ళీ వాడుకోవడం రివాజు. ‘బాలానందం’ విని పెరిగినవారికి, ‘కార్మికుల కార్యక్రమం’లో చిన్నక్క మాటలు విని నవ్వుకున్నవారికి, తాము విన్నదానిలో ఎన్నవ వంతు భద్రంగా ఉన్నదని అడిగితే ఏమి జవాబు వస్తుంది? వరంగల్ జిల్లా చినగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు ఏళ్ళ తరబడి ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. వారి పుస్తకాలన్నిటికీ ఏదో ఒక గ్రంథాలయంలో ప్రతి ఉంటుంది. మైకు ముందు పలికిన పలుకులకు అటువంటి ఆశ్రయం లేదు. ఎందుకంటే 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం అచ్చువేసిన ప్రతి ప్రకాశకుడూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరి మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపి తీరాలి. 1956లో పత్రికలను కూడా ఆ చట్టంలో చేర్చారు. ప్రసారాలను చేర్చలేదు. నాలుగు పేజీల కరపుస్తకానికి ఉన్న రక్షణ నలభై ఏళ్ళ నాటకవిభాగానికి లేకపోయింది.

మా ఊరి మనిషినే తీసుకోండి. ధ్వన్యనుకరణ సమ్రాట్టు నేరెళ్ళ వేణుమాధవ్ 1971లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద ప్రదర్శన ఇచ్చారు. 2018 జూన్‌లో కన్నుమూశారు. ఆయన కళ అంతా గొంతులోనే ఉంది. కవికి కాగితం మిగులుతుంది, శిల్పికి రాయి మిగులుతుంది. ధ్వన్యనుకర్తకు టేపు తప్ప మరొకటి మిగలదు. తన కాలంనాటి నటుల, నాయకుల గొంతులను తన గొంతులో దాచుకున్న మనిషిని మనం ఎంతవరకు దాచుకున్నాం? కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మంచిదే. కానీ ఆయన భాష అచ్చులో సగమే కనిపిస్తుంది. తక్కిన సగం ఆయన ఉచ్చారణలో, విరుపులో, మాట మధ్య ఆగి మింగిన కోపంలో ఉండేది. ఓరుగల్లు తెలుగు ఎట్లా వినిపించేదో రేపటి పిల్లలకు చెప్పవలసింది ఆ శబ్దమే. మన మాటను రేడియోలో నవ్వులాటకే వాడుకున్నారని ఏళ్ళ తరబడి వాదించిన ప్రాంతం ఇది. ఆ వాదాన్ని సమర్థించడానికైనా ఖండించడానికైనా సాక్ష్యంగా నిలవవలసిన టేపులు ఏవి?

సాక్ష్యం పోతే చరిత్ర ఎట్లా తడబడుతుందో సినిమా మనకు నేర్పనే నేర్పింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఒక్కటీ దక్కలేదు. ప్రతి లేకపోవడంతో దాని పుట్టిన తేదీ కూడా తారుమారైంది. దశాబ్దాల పాటు 1931 సెప్టెంబరు 15 అని వేడుకలు చేసుకున్నాము. చివరకు పాత్రికేయ పరిశోధకులు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, నాటి పత్రికల ప్రకటనలు తవ్వితీసి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని నిరూపించవలసి వచ్చింది. సినిమాకు కనీసం పత్రికలో ప్రకటన ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు అరగంట సేపు వినిపించి ఆగిపోయిన ఒగ్గుకథకు ఏ ప్రకటన ఉంటుంది?

ఇది మనకు కొత్త విద్య కాదు. పోయినదాన్ని గుర్తించి పూరించడం ఓరుగల్లు సీమలోనే జరిగింది. బమ్మెర పోతన భాగవతంలో కొంత భాగం శిథిలమైపోయిందని, అయిదవ స్కంధం బొప్పరాజు గంగన, ఆరవది ఏర్చూరి సింగన, పదకొండు పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పూరించారని మనం చిన్నప్పుడే చదువుకున్నాం. రాజు కోపంతో గ్రంథాన్ని పాతిపెట్టించాడన్నది, చెదలు తిన్నాయన్నది జనశ్రుతి కావచ్చు. పూరణ మాత్రం వాస్తవం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ ముగ్గురూ తాము పూరించిన చోట తమ పేరు దాచుకోలేదు. ఏది పోతనది, ఏది తమది అన్న లెక్క స్పష్టంగా మిగిల్చారు. అయిదు వందల ఏళ్ళ తరువాత కూడా ఆ గీత చెరగలేదు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఓరుగల్లుదే. కాకతీయుల నగర వీధులను కళ్ళకు కట్టే ‘క్రీడాభిరామం’ మనకు దక్కింది. దానికి మూలమైన రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దక్కలేదు. కానీ ఆ మూలం ఉండేదని మనకు తెలుసు. తెలుసు కనుక ఏ తాళపత్రాల కట్టలోనో అది బయటపడితే గుర్తుపట్టగలం. తాటాకు కాలంవారు పాటించిన ఈ కనీస మర్యాదను టేపుల కాలంవారు పాటించలేదు.

ఇప్పుడు ఎదురు వాదాలు చూద్దాం.

మొదటిది బీదరికం. విదేశీ మారకం ఇచ్చి తెచ్చుకున్న టేపును ఒకసారి వాడి బీరువాలో పెట్టగలిగే స్తోమత ఎక్కడిదని పాత ఉద్యోగులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక టేపుతో పది కార్యక్రమాలు నడిపించిన ఇంజనీర్లను నేను తప్పుపట్టను. కానీ చెరిపే ముందు ఒక రిజిస్టరులో ఒక పంక్తి రాయడానికి, రాసినదాన్ని తరువాతివారు ప్రజలకు చూపడానికి విదేశీ మారకం అక్కరలేదు. ఒక కలమూ కాస్త మనసూ చాలు.

రెండవది, ‘అవన్నీ మళ్ళీ ఎవరు వింటారు, ఎవరు చూస్తారు?’ అన్న మాట. 2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు దూరదర్శన్ వెతికి బయటికి తీసింది ఏమిటి? 1987 నాటి ‘రామాయణ్’. దాన్ని ఊరూరా కుటుంబసమేతంగా చూశారు. ఆ టేపులు మిగిలాయి కనుకనే అది సాధ్యమైంది. ఏది మళ్ళీ అవసరపడుతుందో చెరిపే నాడు ఎవరికీ తెలియదు. పైగా జనాదరణ ఒక్కటే కొలబద్ద అయితే మిగిలేవి జాతీయ ధారావాహికలూ సినిమా పాటలూ మాత్రమే. చిందు భాగోతం, ఒగ్గుకథ, పల్లె వైద్యుని ముచ్చట, బతుకమ్మ నాటి ఆడవాళ్ళ గొంతులు ఏ పోటీలోనూ నెగ్గవు. నెగ్గనివాటికే భద్రత ఎక్కువ అవసరం.

మూడవది ఈ కాలపు వాదం. ‘అంతా యూట్యూబ్‌లో ఉంది కదా’ అంటారు. ప్రసార భారతి తన భాండాగారం నుంచి కొన్ని పాత కార్యక్రమాలను అక్కడ పెడుతున్న మాట నిజమే. అందుకు కృతజ్ఞతలు. అయితే ఉన్నవాటిలోంచి తమకు తోచినవి చూపడం వేరు, లేనివాటి వివరం చెప్పడం వేరు. అంగడిలో సరుకు చూసి, ఇంతకుముందు ఏమి అమ్మేవారో తెలుసుకోలేము కదా.

ఇంత వాదించాక, నేను ఇంతవరకు కాపాడుతూ వచ్చిన పక్షాన్ని కూడా నిలదీయాలి. ఇళ్ళలో టేపులు దాచినవారి సంగతి. గల్ఫ్ నుంచి వచ్చినవారు టూ-ఇన్-వన్‌లు తెచ్చిన రోజుల నుంచి మన ఊళ్ళలో రేడియో నాటకాలు క్యాసెట్లకెక్కాయి. ఆ తరువాత వీసీఆర్లు వచ్చాయి. గిర్మాజీపేటలో అటువంటి పెద్దమనిషి ఒకరి ఇంటికి కొంతకాలం క్రితం వెళ్ళాను. గాజు తలుపుల బీరువా. అట్టల మీద బాల్‌పెన్నుతో తేదీ, నాటకం పేరు, పాత్రధారుల పేర్లు. ఒక్కొక్క క్యాసెట్‌కు మైనం కాగితం చుట్టి ఉంది. ఒకటి వినిపించమని అడిగితే వినిపించారు. ప్రతి చేసుకుంటానంటే మాత్రం తల అడ్డంగా ఊపారు.

“వాళ్ళు చెరిపిండ్రు, నేను దాచిన. గిప్పుడు నువ్వడిగితె ఎందుకియ్యాలె బిడ్డా? ఇచ్చినంక రేపు కేసు పెడ్తరో, నా పేరే లేకుంట జేస్తరో ఎవలకెరుక?”

“మీ పేరు రాసే ఉంచుతం సార్. టేపు మళ్ళ మీకే తెచ్చిస్త,” అన్నాను.

“అందరు గట్లనే అంటరు,” అని బీరువాకు తాళం వేశారు.

ఆయన కోపం నాకు అర్థమయింది. ఇటువంటి ఒక పాత కార్యక్రమం గురించి ఒక కార్యాలయానికి నేను రాసిన ఉత్తరానికి ‘మా వద్ద అందుబాటులో లేదు’ అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చింది. చెరిపారా, పోయిందా, అసలు ముద్రించనే లేదా అన్న ముక్క లేదు. అటువంటి జవాబులు అందుకున్న సంగ్రాహకులకు అనుమానం కలగడం సహజం. అయినా ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. తాళం వేసిన బీరువాలోని టేపు చెరిపిన టేపుకు తమ్ముడే. చెరిపినవాడు ఒక్క పూటలో చేసిన పనిని తాళం ఇరవై ఏళ్ళలో చేస్తుంది. టేపు మీది అయస్కాంతపు పూత రాలిపోతుంది, బూజు పడుతుంది, చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒకవేళ టేపు బాగున్నా తిప్పే యంత్రం ఉండదు. ప్రపంచంలో చివరిగా వీహెచ్‌ఎస్ రికార్డర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో ఆ పని ఆపివేసింది. అయస్కాంత టేపుల మీద ఉన్నదాన్ని 2025 ప్రాంతానికల్లా మార్చుకోకపోతే ఆ తరువాత మార్చుకునే సాధనాలే దొరకడం కష్టమని యునెస్కో ఒక హెచ్చరిక పథకం చేపట్టి మరీ చెప్పింది. ఆ గడువు వచ్చేసింది. పెద్దమనిషి కోపం న్యాయమైనదే కావచ్చు. ఆ కోపం క్యాసెట్‌కు తెలియదు, అది తన పాటికి తాను రాలిపోతూనే ఉంటుంది.

కేసుల భయం సంగతి కూడా తేల్చుకుందాం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రసార సంస్థకు తన ప్రసారం మీద ఇచ్చిన ప్రత్యేక హక్కు గడువు ఇరవై అయిదేళ్ళు. శబ్దముద్రణల మీది హక్కు అరవై ఏళ్ళు. నాటకకర్తకు ఆయన జీవితకాలమూ ఆపైన అరవై ఏళ్ళూ. అంటే 1984లో ఇంట్లో పట్టుకున్న నాటకం విషయంలో ప్రసారహక్కు ముగిసినా, తక్కిన హక్కులు ఇంకా సజీవంగానే ఉన్నాయి. సంగ్రాహకుని భయం పూర్తిగా నిరాధారం కాదు. ఆ భయం తీర్చవలసినది చెరిపిన సంస్థలే. తమ దగ్గర లేని కార్యక్రమపు ప్రతిని తెచ్చినవారి మీద ఏ చర్యా ఉండదని వారు బహిరంగంగా ప్రకటించాలి. ఇంగ్లండులో జరిగే పద్ధతి చాలా సులభమైనది. సంగ్రాహకుడు ఫిల్ము ఇస్తాడు, వారు ప్రతి తీసుకుంటారు, అసలును అతనికే తిరిగి ఇస్తారు. ఇందులో మనకు చేతకానిది ఏముంది? తానే పోగొట్టుకున్న సొమ్మును తెచ్చి ఇచ్చిన మనిషిని దొంగ అనే యజమానిని లోకంలో ఎవరూ మెచ్చరు.

పట్టిక ఎట్లా తయారుచేయాలన్న ప్రశ్నకు కూడా నా దగ్గర సమాధానం ఉంది. ఆకాశవాణి వారు తెలుగు కార్యక్రమాల వివరాలతో ‘వాణి’ అనే పత్రికను నడిపేవారు. ఏ రోజు ఏ గంటకు ఎవరి ప్రసంగం, ఎవరి గానం, ఏ నాటకం అన్నది అందులో అచ్చయ్యేది. దినపత్రికలు కూడా రోజువారీ రేడియో, టీవీ కార్యక్రమాల జాబితా వేసేవి. అవి సేకరించి వరుసపెడితే ఉండవలసినదాని పట్టిక తయారవుతుంది. సంస్థలు తమ భాండాగారాల జాబితాను బయటపెడితే ఉన్నదాని పట్టిక వస్తుంది. రెంటినీ పక్కపక్కన పెడితే మిగిలేదే పోయినవాటి పట్టిక. అందులోంచి ఇళ్ళలో దొరికినవాటిని ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ పోవచ్చు. హైదరాబాదులో 1901లో, హనుమకొండలో 1904లో భాషానిలయాలు స్థాపించుకున్నప్పుడు మన పెద్దలు సర్కారు ఉత్తరువుకోసం ఎదురుచూడలేదు. తెలుగు చదవడానికే ఆదరణ లేని రోజుల్లో చందాలు వేసుకుని పుస్తకాలు కూర్చారు. ఆ నిలయాల వారసులం పాత పత్రికల కట్టలు విప్పి జాబితా రాయడానికి బద్ధకిస్తే, దూరదర్శన్‌ను ఆడిపోసుకునే అర్హత మనకు ఉండదు.

నేను అడిగేవి మూడే. ఆకాశవాణి, దూరదర్శన్ కేంద్రాలు తమ వద్ద ఉన్న తెలుగు ముద్రణల పూర్తి జాబితాను ప్రజల ముందు పెట్టాలి. ఇళ్ళనుంచి ప్రతులు తెచ్చినవారికి అభయం ప్రకటించి, వారి పేరును ఆ ప్రతి పక్కన రాయాలి. ప్రసారాలను కూడా పుస్తకాల వలె విధిగా భద్రపరచే చట్టం రావాలి. మొదటి రెంటికి ఖర్చు అల్పం. మూడవదానికి పార్లమెంటు కావాలి, అందాకా మొదటి రెండూ ఆగనక్కరలేదు.

సంస్థలు కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలని కూడా నాకు లేదు. ‘వాణి’ పాత సంచికలు గానీ, 1970, 80లలోని దినపత్రికలలో రేడియో, టీవీ కార్యక్రమాల పేజీలు గానీ మీ వద్దో, మీ ఊరి గ్రంథాలయంలోనో ఉంటే తేదీలు తెలియజేయండి. ఫొటో తీసి పంపితే ఇంకా మేలు. క్యాసెట్లు ఉన్నవారు క్యాసెట్లు ఇవ్వనక్కరలేదు. అట్టమీద ఏమి రాసి ఉందో అది చాలు. 1975 ఆగస్టు మొదలుకొని ఒక్కొక్క నెలే రాసుకుంటూ వద్దాం.